పాలో రోసీ: ఆ 2-2 డ్రాలో తప్పెంత, శిక్షెంత?

#1 గచ్చిబౌలి గోలీ

1982 ఫుట్‌బాల్ ప్రపంచకప్ అనగానే అందరూ బ్రెజిల్ మీద ఇటలీ స్ట్రైకర్ రోసీ హ్యాట్రిక్ గురించే మాట్లాడతారు. అంతకుముందు రెండేళ్లు ఆయన ఆటకే దూరంగా ఉన్నాడని, కారణం మ్యాచ్ ఫిక్సింగ్ కేసని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఏ మ్యాచ్? పందెం కాసింది ఎవరు? ఏ ఆధారంతో శిక్ష పడింది? ఇరికించారని సగం మంది, దొరికాడని సగం మంది. వివరంగా తెలిసినవాళ్లు రాయండి. లింకులు పడేసి పోవద్దు, విషయం కావాలి.

#2 కాల్చో కిట్టు

కేసు దగ్గర మొదలుపెడితే సగమే అర్థమవుతుంది. 1978 నాటి కవర్ల కథ నుంచి రావాలి.

రోసీ 1956లో ప్రాతోలో పుట్టాడు. యువెంటస్ కుర్రాళ్ల జట్టులో పెరిగాడు. చిన్న వయసులోనే మోకాలికి వరసగా ఆపరేషన్లు జరగడంతో ఈ కాలు నిలబడదేమో అనుకున్నారు. కోమోకి పంపారు, తర్వాత విచెంజాకి. అక్కడ కోచ్ జోవన్ బత్తిస్తా ఫాబ్రీ ఆయన్ని వింగ్ నుంచి మధ్యలోకి జరిపాడు. 1976-77లో సిరీ బిలో (ఇటలీ రెండో అంచె లీగు) 21 గోల్స్. మరుసటి ఏడాది పై అంచె సిరీ ఎలో 24. రెండుసార్లూ టాప్ స్కోరర్. కొత్తగా పైకొచ్చిన విచెంజా యువెంటస్ వెనకే రెండో స్థానంలో నిలిచింది.

ఇక కవర్లు. అప్పట్లో ఇటలీలో ఒక ఆటగాడిని రెండు క్లబ్బులు చెరిసగం సొంతం చేసుకోవచ్చు. గడువు ముగిసేసరికి లెక్క కుదరకపోతే రెండు క్లబ్బులూ తాము ఇచ్చే రేటు రాసి సీలు వేసిన కవర్లు లీగుకి అందజేయాలి. ఎక్కువ రాసినవాడిదే ఆటగాడు. అవతలివాడు ఎంత రాశాడో కవరు చింపేదాకా తెలియదు. యువెంటస్ రాసింది 87.5 కోట్ల లీరాలు. విచెంజా అధ్యక్షుడు జుసెప్పే ఫరీనా రాసింది 261 కోట్ల పైచిలుకు. అదీ సగం వాటాకే. దేశమంతా గగ్గోలు. ఇటలీ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు ఫ్రాంకో కరారో నిరసనగా రాజీనామా చేశాడు.

ఆ అప్పుతో క్లబ్బు నడుం విరిగింది. 1979లో విచెంజా కిందికి జారిపోయింది. సిరీ బిలో అంత ఖరీదైన ఆటగాడిని మోయలేక రోసీని పెరుజియా క్లబ్బుకి లోను మీద, అంటే అద్దెకి, ఇచ్చారు. గెలవడానికని మూడు రెట్లు రాసిన ఆ కవరే ఆయన్ని పెరుజియా బస్సు ఎక్కించింది. లేకపోతే ఆ డిసెంబర్‌లో ఆయన ఫిక్సర్ వచ్చి కలిసిన ఆ హోటల్లో ఉండేవాడే కాదు.

#3 లెఫ్ట్‌బ్యాక్ లక్ష్మి

ఒక చేర్పు. పెరుజియా కూడా లోను డబ్బు చేతిలో పెట్టుకుని లేదు. అప్పటికి ఇటలీలో చొక్కా మీద వ్యాపార ప్రకటనకు అనుమతి లేదు, బట్టలు తయారుచేసే కంపెనీ గుర్తు మాత్రం వేసుకోవచ్చు. పాస్తా తయారుచేసే పోంతే వాళ్లు అదే పేరుతో క్రీడా దుస్తుల సంస్థ పెట్టి దాని గుర్తు చొక్కా మీదికి ఎక్కించారు. ఇటాలియన్ ఫుట్‌బాల్లో చొక్కా స్పాన్సర్లకు అదే నాంది అంటారు. నిబంధన అక్షరం తప్పలేదు, అర్థం మాత్రం తలకిందులైంది. ఆ కాలం వాతావరణం పట్టుకోవడానికి ఇదొక్కటి చాలు.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. 1978-79లో పెరుజియా 30 మ్యాచుల్లో ఒక్కటీ ఓడలేదు. అయినా టైటిల్ మిలాన్‌కి పోయింది. ఎందుకంటే ఆ 30లో 19 డ్రాలు.

#4 గచ్చిబౌలి గోలీ

19 డ్రాలా! అంటే అవి కూడా?

#5 లెఫ్ట్‌బ్యాక్ లక్ష్మి

కాదు, ఆ సీజన్ మీద ఎవరూ వేలెత్తలేదు. అప్పటి పాయింట్ల పద్ధతి అలాంటిది. గెలుపుకి 2, డ్రాకి 1. బయటి ఊళ్లో ఒక్క పాయింటు తెచ్చుకుంటే సగం గెలిచినట్టే. 70వ నిమిషానికి స్కోరు సమంగా ఉంటే ఇరువైపులా బంతిని వెనక్కి ఆడుకుంటూ కాలం గడిపేవాళ్లు. అందులో నేరమేమీ లేదు, అప్పటి ఆటే అది. ఇటలీకి మూడు పాయింట్ల పద్ధతి 1994-95లో గానీ రాలేదు.

ఫిక్సర్‌కి ఇదే అనువైన నేల. గెలవాల్సిన జట్టు ఓడిపోతే అందరూ చెవులు కొరుక్కుంటారు. డ్రా అయితే ఎవరికీ అనుమానం రాదు.

#6 ఆడ్స్ ఆనంద్

పందెం వైపు నేను చెప్తాను.

సర్కారువారి పందెం పేరు తోతోకాల్చో. 13 మ్యాచుల చీటీ, ఒక్కోదానికి 1, X, 2. సొంత ఊరి జట్టు గెలిస్తే 1, డ్రా అయితే X, వచ్చినవాళ్లు గెలిస్తే 2. వసూలైన సొమ్ములోంచి గెలిచినవాళ్లు పంచుకోవాలి. ఫిక్సర్‌కి ఇది పనికిరాదు. ఒక్క మ్యాచ్ కొన్నా మిగతా పన్నెండూ అదృష్టమే, పైగా ఎంత వస్తుందో ముందు తెలియదు.

దొంగ బుకీల దగ్గర అలా కాదు. ఒక్క మ్యాచ్ మీదైనా, రెండు మూడు కలిపైనా కాయొచ్చు, రేటు ముందే ఖాయం. దీనికే తోతోనేరో అని పేరు. నేరో అంటే నలుపు, అనగా నల్లబజారు తోతో.

ఈ కేసులో పందెం కాసినవాళ్లు ఇద్దరు. అల్వారో త్రింకా, రోములో రెస్టారెంటు యజమాని, ఆ ఊరి లాజియో క్లబ్బు ఆటగాళ్లు భోజనానికి వచ్చే చోటు. మాస్సిమో క్రుచానీ, పళ్లు కూరగాయల టోకు వ్యాపారి, ఆ రెస్టారెంటుకి సరుకు వేసేవాడు. పరిచయం అంతా భోజనాల బల్ల దగ్గరే మొదలైంది.

వాళ్ల లెక్క ఎక్కడ తప్పిందో చూడండి. డ్రాకి రేటు 3 అనుకుందాం (ఉదాహరణకే). ఒక్క మ్యాచ్ మీద 10 లక్షల లీరాలు కాస్తే 30 లక్షలు. ఆటగాళ్లకు ఇచ్చింది పోతే మిగిలేది తక్కువ. ఒకే మ్యాచ్ మీద గుట్టగా కాస్తే బుకీకి వాసన తగులుతుంది, రేటు దించేస్తాడు. అందుకని మూడు మ్యాచులు కలిపి కాస్తారు. 3×3×3, అంటే 27 రెట్లు. కాగితం మీద బ్రహ్మాండం. మూడింట్లో ఒక్కటి జారినా సున్నా. రెండు మ్యాచుల ఆటగాళ్లకిచ్చిన డబ్బు కూడా దాంతోపాటే గంగలో కలుస్తుంది.

పైగా కాసింది చాలావరకు అరువు మీద. జారిన ప్రతిసారీ బాకీ పెరిగింది, దాన్ని పూడ్చడానికి ఇంకా పెద్ద పందెం. కోట్లలో మునిగి, బుకీల బెదిరింపులు మొదలయ్యాక 1980 మార్చి 1న రోము ప్రాసిక్యూటర్ ఆఫీసుకి ఫిర్యాదు పట్టుకెళ్లారు. వాళ్ల గోల ఏమిటంటే డబ్బు తీసుకున్న ఆటగాళ్లు మాట నిలబెట్టుకోలేదు, మమ్మల్ని మోసం చేశారు అని! దొంగ సొత్తు పంపకంలో అన్యాయం జరిగిందని పోలీసుల దగ్గరికి వెళ్లడమంటే ఇదే.

#7 విశాఖ వింగర్

అసలు మ్యాచ్‌కి రండి. అవెల్లీనో - పెరుజియా, 1979 డిసెంబర్ 30, స్కోరు 2-2. పెరుజియా రెండు గోల్సూ రోసీవే.

మ్యాచ్‌కి ముందు జట్టు దిగిన హోటల్లో జరిగింది రోసీ స్వయంగా చెప్పిన ప్రకారం ఇదీ. తోటివాళ్లతో తొంబోలా ఆడుతున్నాడు (మన హౌసీ లాంటిదే). పెరుజియా ఆటగాడే అయిన మౌరో దెల్లా మార్తీరా వచ్చి నా స్నేహితుడు ఒకసారి పలకరిస్తానంటున్నాడని పిలిచాడు. లేచి వెళ్లాడు, ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాడు, తిరిగొచ్చి ఆటలో కూర్చున్నాడు. అంతే. ఆ స్నేహితుడే క్రుచానీ. అతని వాదన ప్రకారం ఆ రెండు నిమిషాల్లోనే డ్రాకి ఒప్పందం కుదిరింది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కలిసిన మాట నిజం, డ్రా ప్రస్తావన వినపడే దూరంలో ఉన్న మాట నిజం. అక్కడి నుంచి నేరుగా క్లబ్బుకి చెప్పాలి. చెప్పలేదు. సగం తప్పు అక్కడే ఖాయమైంది.

#8 లెఫ్ట్‌బ్యాక్ లక్ష్మి

వింగర్ గారూ, చెప్పకపోవడం ఒక తప్పు, ఫిక్స్ చేయడం ఇంకో తప్పు. లాజియో ఆటగాడు మౌరీత్సియో మొంతేసీనే తీసుకోండి. ఫిక్సింగ్‌లో చేరనన్నాడు, కానీ అధికారులకు వెంటనే చెప్పలేదని ఆయనకూ కొన్ని నెలల నిషేధం పడింది. చెప్పకపోవడానికి రేటు నెలలే. రోసీకి మొదట పడింది మూడేళ్లు, అప్పీల్లో రెండేళ్లకు తగ్గింది. అంటే అప్పీలు మండలి కూడా ఆయన ఒప్పందంలో ఉన్నాడనే నమ్మింది. ఆ నమ్మకానికి ఆధారం ప్రధానంగా క్రుచానీ మాట. ఆ క్రుచానీ ఎవరు? అప్పుల్లో మునిగి అందరి పేర్లూ బయటపెడుతున్న మనిషి.

ఆట కోణం నుంచి కూడా నాకు మింగుడు పడదు. డ్రా కొనాలంటే ఎవరిని కొంటారు? మొదట కీపర్‌ని, తర్వాత డిఫెన్స్ చివర నిలబడే స్వీపర్‌ని. గోల్ ఇవ్వడమూ ఆపడమూ వాళ్ల చేతిలో ఉంటుంది. ఈ కేసులో పట్టుబడ్డవాళ్ల జాబితా చూడండి. మిలాన్ కీపర్ అల్బెర్తోసీ, లాజియో కీపర్ కచ్చతోరీ, లాజియో స్వీపర్ విల్సన్, పెరుజియా డిఫెన్స్‌లో దెల్లా మార్తీరా, జెక్కీనీ. స్ట్రైకర్ గోల్ కొట్టకుండా ఉండగలడు గానీ తన జట్టు గోల్ తినకుండా ఆపలేడు. డబ్బు పెట్టి కొనదగ్గ సరుకు కాదు.

#9 విశాఖ వింగర్

వాదన బాగుంది, కానీ ఒక లోపం. డ్రాకి రెండు జట్లూ తెలిసి ఆడాలి. అవతలి జట్టుకి భరోసా కావాలి: మేం నెమ్మదించాక మీ స్టార్ 88వ నిమిషంలో గోల్ కొట్టి మమ్మల్ని ముంచడు కదా? ఆ భరోసా ఇవ్వగలిగింది స్టార్ ఒక్కడే. అందుకే స్ట్రైకర్‌ని కొనరు గానీ, చెవిన వేస్తారు. రోసీని గది నుంచి పిలిపించడం దానికే కావచ్చు.

రెండు గోల్స్ కొట్టాడు కాబట్టి నిర్దోషి అనేవాళ్లకి: స్కోరు 2-2. ఒప్పందం డ్రా అయినప్పుడు రెండు గోల్స్ కొట్టడం ఒప్పందానికి అడ్డేమీ కాదు.

#10 లెఫ్ట్‌బ్యాక్ లక్ష్మి

చెవిన వేశారు అనేదాకా ఒప్పుకుంటాను. విన్నవాడికీ అమ్ముడుపోయినవాడికీ మధ్య తేడా రెండేళ్లు. నా అభ్యంతరం అదొక్కటే.

#11 కాల్చో కిట్టు

అరెస్టుల రోజు గురించి ఎవరూ రాయలేదు. 1980 మార్చి 23, ఆదివారం. మ్యాచులు నడుస్తుండగానే పోలీసులు, ఆర్థిక నేరాల దళం స్టేడియాల దగ్గర కాపు కాశారు. పెస్కారాలో లాజియో ఆటగాళ్లు నలుగురు: జోర్దానో, మన్‌ఫ్రెదోనియా, విల్సన్, కచ్చతోరీ. రోములో పెరుజియా వాళ్లు. మిలాన్‌లో ఏకంగా క్లబ్బు అధ్యక్షుడు ఫెలిచే కొలంబో. రన్నింగ్ ట్రాక్ మీదికి వచ్చి నిలిచిన పోలీసు కారుని ఆదివారం సాయంత్రం స్కోర్ల కోసం టీవీ పెట్టుకున్న దేశమంతా చూసింది. రోసీ అరెస్టు కాలేదు, విచారణ నోటీసు అందింది.

ఫుట్‌బాల్ సమాఖ్య మండలి వేసిన క్రీడా శిక్షలు: మిలాన్, లాజియో సిరీ బికి. ఆ ఏడాది మిలాన్ మూడో స్థానం! అవెల్లీనో, బొలోన్యా, పెరుజియాలకు తర్వాతి సీజన్‌లో తలా 5 పాయింట్ల కోత. జోర్దానో, మన్‌ఫ్రెదోనియాలకు మూడున్నరేళ్లు. కొలంబోకి జీవితకాల నిషేధం.

బొలోన్యా - యువెంటస్ మ్యాచ్ మీద కూడా దుమారం లేచింది. 1980 జనవరి, 1-1. బొలోన్యా కీపర్ చేతుల్లోంచి జారి యువెంటస్‌కి గోల్, కాసేపటికి యువెంటస్ డిఫెండర్ బ్రియో తలతో తన గోల్లోనే బంతి వేసుకున్నాడు. కథ రాసినవాడు కూడా ఇంత అమాయకంగా రాయడు. అయితే విచారణలో యువెంటస్ నిర్దోషిగా బయటపడింది. చూడ్డానికి వింతగా ఉన్నంత మాత్రాన నేరం రుజువు కాదు, ఆ మాట కూడా రాయాలి.

#12 గచ్చిబౌలి గోలీ

ఒక డౌట్ అన్నా. క్రీడా మండలి శిక్ష వేసింది సరే, క్రిమినల్ కోర్టు సంగతి ఏమైంది? జైలుకి పోయినోళ్లు ఉన్నరు కదా?

#13 న్యాయపీఠం

అరెస్టు చేసి కొన్నాళ్లు లోపల ఉంచారు. 1980 డిసెంబర్‌లో రోము కోర్టు అందరినీ వదిలేసింది. కారణం సాక్ష్యం లేకపోవడం కంటే చట్టం లేకపోవడం. మ్యాచ్ ఫిక్స్ చేయడం అప్పటి ఇటలీ శిక్షాస్మృతిలో నేరమే కాదు. పెట్టిన అభియోగం మోసం. మోసం నిలబడాలంటే ఫలానావాడిని నమ్మించారు, ఆ నమ్మకంతో వాడు సొమ్ము వదులుకున్నాడు, దాంతో వీళ్లకి లాభం వచ్చింది అని గొలుసు మొత్తం చూపించాలి. ఇక్కడ మోసపోయింది ఎవరు? టికెట్ కొన్నవాడా? అతను మ్యాచ్ చూశాడు. దొంగ బుకీయా? అతనే చట్టవిరుద్ధం. గొలుసు తెగిపోయింది.

ఈ రంధ్రం పూడ్చడానికి ఇటలీకి తొమ్మిదేళ్లు పట్టింది. 1989 డిసెంబర్‌లో వచ్చిన 401వ నంబరు చట్టం క్రీడా మోసాన్ని విడి నేరం చేసింది. ఫలితం మార్చడానికి డబ్బు గానీ ఇతర లాభం గానీ ఇవ్వజూపితే చాలు. ఫలితం మారిందా, పందెం గెలిచిందా అన్నది అనవసరం.

మన దగ్గర ఇప్పటికీ అదే రంధ్రం. 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు కర్ణాటక ప్రీమియర్ లీగ్ క్రికెట్ ఫిక్సింగ్ కేసు కొట్టేస్తూ చెప్పింది దాదాపు ఇదే: ఫిక్సింగ్ నిజాయతీ లేని పని కావచ్చు, బోర్డు చర్య తీసుకోవచ్చు, కానీ 420 సెక్షన్ కిందికి రాదు. ప్రేక్షకుడు టికెట్ తన ఇష్టంతోనే కొన్నాడు. 1980 రోము తర్కమే.

క్రీడా మండలి, కోర్టు వేర్వేరు తూనికలు వాడతాయి. మండలికి సంభావ్యత చాలు, కోర్టుకి సందేహం మిగలకూడదు. కాబట్టి "కోర్టు వదిలేసింది, అందుకే రోసీ నిర్దోషి" అనడం ఎంత తప్పో, "నిషేధం పడింది, అందుకే దొంగ" అనడం కూడా అంతే తప్పు.

#14 విశాఖ వింగర్

మన హైదరాబాదీ అజహరుద్దీన్ కేసు కూడా ఇదే దారా?

#15 న్యాయపీఠం

కొంతవరకే. 2000 డిసెంబర్‌లో బోర్డు జీవితకాల నిషేధం వేసింది, 2012 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. రోసీ విషయంలో ఏ సివిల్ కోర్టూ నిషేధాన్ని కొట్టేయలేదు, రోజులు లెక్కపెట్టుకుని పూర్తి చేశాడు. క్రికెట్ మొదలైతే ఈ దారం మళ్లీ ఫుట్‌బాల్‌కి రాదు, వేరే దారం తెరవండి.

#16 కాల్చో కిట్టు

నిషేధం వల్ల ఇటలీ జట్టుకి జరిగిన నష్టం అంకెల్లో: 1980 యూరో (యూరప్ దేశాల కప్పు) ఇటలీలోనే జరిగింది. రోసీ లేడు, జోర్దానో లేడు. నాలుగు మ్యాచుల్లో ఇటలీ కొట్టింది రెండే రెండు గోల్స్. ఒకటి తార్దెల్లీ, ఒకటి గ్రాత్సియానీ. నాలుగో స్థానం.

1981లో, ఇంకా నిషేధంలో ఉండగానే, యువెంటస్ రోసీని కొనేసింది. జట్టుతో ప్రాక్టీసు చేయొచ్చు, మ్యాచ్ ఆడకూడదు. మ్యాచ్ ఫిట్‌నెస్ అనేది పరుగులతో రాదు. ఎదురుగా డిఫెండర్ మోచెయ్యి తగిలితేనే వస్తుంది. 1982 ఏప్రిల్ చివర్లో గడువు తీరింది. సీజన్‌లో మిగిలింది మూడు మ్యాచులు. మొదటిది మే 2న ఉదీనే ఊళ్లో, యువెంటస్ 5-1, అందులో ఒకటి రోసీది. చివరిది కతన్‌జారోలో, 1-0, టైటిల్ ఖాయం.

ఒక చిత్రం చెప్పాలి. 1980లో కింద పడాల్సిన జట్లలో ఉదీనే, కతన్‌జారో రెండూ ఉన్నాయి. మిలాన్, లాజియోలను దింపేయడంతో బతికి బయటపడ్డాయి. రోసీ తిరిగొచ్చిన మ్యాచూ, టైటిల్ గెలిచిన మ్యాచూ ఆ కుంభకోణం పుణ్యమా అని పైన మిగిలిన జట్ల మీదే.

#17 లెఫ్ట్‌బ్యాక్ లక్ష్మి

మూడు మ్యాచులు ఆడినవాడిని ఇటలీ కోచ్ బేర్జోత్ ప్రపంచకప్‌కి తీసుకెళ్లాడు. ఆ సీజన్ లీగ్ టాప్ స్కోరర్ రోమా ఆటగాడు ప్రుజో ఇంట్లో కూర్చున్నాడు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. మొదటి మూడు మ్యాచులూ డ్రా: పోలండ్ 0-0, పెరూ 1-1, కామెరూన్ 1-1. రోసీ గోల్స్ సున్నా. ఆటగాళ్లు పత్రికలతో మాట్లాడటమే మానేశారు.

తర్వాత అర్జెంటీనా మీద 2-1, అందులోనూ రోసీకి గోల్ లేదు. జూలై 5న బార్సిలోనాలోని సర్రియా స్టేడియం, బ్రెజిల్. డ్రా అయినా చాలు బ్రెజిల్‌కి. 5వ నిమిషంలో ఎడమ నుంచి కబ్రీనీ క్రాస్, రోసీ హెడర్. సోక్రతీస్ సమం చేశాడు. 25వ నిమిషం గోల్ మళ్లీ మళ్లీ చూడదగ్గది. బ్రెజిల్ ఆటగాడు సెరెజో తన డిఫెన్స్ ముందు అడ్డంగా బంతి తోశాడు, తీసుకోవాల్సిన ఇద్దరూ నువ్వంటే నువ్వనుకున్నారు. అప్పటికే రోసీ కదిలాడు. బంతి బయల్దేరాక పరిగెత్తలేదు, సెరెజో ఒళ్లు తిరిగిన తీరు చూసి పరిగెత్తాడు. రెండు అడుగులు, పెట్టె బయట నుంచే షాట్. ఫల్కావ్ 2-2 చేశాక 74వ నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతి తార్దెల్లీ కొడితే దారిలో కాలు పెట్టి మళ్లించాడు. 3-2.

సెమీస్‌లో పోలండ్ మీద రెండు, ఫైనల్లో పశ్చిమ జర్మనీ మీద మొదటి గోల్. మొత్తం ఆరు. అన్నీ చివరి మూడు మ్యాచుల్లోనే. ఆ ఏడాది బాలన్ డోర్ (యూరప్ మేటి ఆటగాడి అవార్డు) కూడా ఆయనకే.

#18 విశాఖ వింగర్

ఆ గెలుపు ఇంకో పని చేసింది, అది ఎవరూ చెప్పరు. కప్పు గెలిచిన ఊపులో సమాఖ్య క్షమాభిక్ష ప్రకటించింది. జోర్దానో, మన్‌ఫ్రెదోనియా గడువుకి ముందే మైదానంలోకి వచ్చేశారు. జోర్దానో తర్వాత మారడోనా పక్కన ఆడి 1987లో నాపోలీతో టైటిల్ గెలిచాడు. శిక్ష పూర్తిగా అనుభవించిన రోసీ గోల్స్‌తో మిగతావాళ్ల శిక్ష తగ్గింది! 1986లో రెండో తోతోనేరో పేలిందంటే ఆశ్చర్యమేముంది. ఈసారి లాజియోకి 9 పాయింట్ల కోత, పెరుజియా నాలుగో అంచెకి, రోసీ పాత క్లబ్బు విచెంజాకి చేతికొచ్చిన ప్రమోషన్ రద్దు.

#19 ఆడ్స్ ఆనంద్

ఈ రోజుల్లో అయితే అవెల్లీనో మ్యాచ్ ఎలా పట్టుబడేదని నాకు మెసేజ్‌లో అడిగారు. మైదానం చూసి కాదు, రేటు చూసి. డ్రా రేటు ఏ గాయం వార్తా, వాన వార్తా లేకుండా మ్యాచ్‌కి ముందు గంటల్లో అన్ని చోట్లా ఒకేసారి కూలిపోతే పర్యవేక్షణ సంస్థల తెర మీద ఎర్ర గుర్తు పడుతుంది. 1979లో రేటు బుకీ జేబులోని చీటీ మీద ఉండేది. అది కూలినా చూసేవాడు అతనొక్కడే, అతను ఫిర్యాదు చేసే స్థితిలో లేడు.

#20 గచ్చిబౌలి గోలీ

అందరికీ థ్యాంక్స్, మస్తు వివరంగా రాసిండ్రు. చివరి డౌట్: ఆ 2-2 మ్యాచ్‌ని రద్దు చేసిండ్రా? రోసీ రెండు గోల్స్ లెక్కలోంచి తీసేసిండ్రా?

#21 కాల్చో కిట్టు

లేదు. 1979-80 పట్టికలో 2-2 అలాగే ఉంది, రెండు జట్లకీ చెరో పాయింటు వేసే ఉంది. కోత పడింది తర్వాతి సీజన్‌లో. ఆ రెండు గోల్స్ ఇప్పటికీ రోసీ ఖాతాలోనే ఉన్నాయి.